‘మట్టిలో కలిసిపోయే’ కవర్‌ను నిజంగా మట్టిలో కలపాలంటే

హన్మకొండలో మా డాబా మీద రెండు కంపోస్ట్ డబ్బాలు ఉన్నాయి. ఒకసారి కూరగాయలు వేసిచ్చిన ఆకుపచ్చ కవర్ మీద ‘కంపోస్టబుల్’ అని కనిపించింది. ఇంకేం, కవర్‌తో సహా ఎరువైపోతుంది కదా అనుకుని వంటింటి తొక్కలన్నీ అందులోనే నింపి, మూతి ముడేసి డబ్బాలో పెట్టాను. నాలుగు నెలల తర్వాత తీసి చూస్తే కవర్ కవర్‌లాగే ఉంది. ముడి కూడా ఊడలేదు. లోపల నల్లటి నీళ్లు, ముక్కు పగిలే వాసన. నన్ను మోసం చేశారని చాలా బాధేసింది.

ఆ తర్వాత చలికాలంలో పరకాల దగ్గర మా అత్తమ్మ వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు, అదే రకం కవర్లు నాలుగు కత్తిరించి వాళ్ల పెంటకుప్పలో కలిపి వచ్చాను. మూడు నెలలకు కుప్ప తిరగేస్తే వేలెడంత పీలికలు రెండు మూడు దొరికాయి, అంతే. కవర్ మారలేదు, చోటు మారింది. అందుకే ఇలాంటి వస్తువు చేతికి రాగానే ‘ఇది కరుగుతుందా’ అని కాదు, ‘ఇది ఎక్కడికి పోతుంది’ అని అడగాలి. కింద చెప్పే పనులన్నీ ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే.

మొదట, చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోండి

కవర్ మీద ఆకు బొమ్మ, ‘ఎకో ఫ్రెండ్లీ’ అనే మాట ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడు విషయాలు వెతకండి. ‘కంపోస్టబుల్’ అనే మాట, ఐఎస్/ఐఎస్‌ఓ 17088 అనే ప్రమాణం, తయారుచేసినవారి పేరుతో పాటు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబర్. మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్ తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు ఆ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. 2022 డిసెంబర్ 31 నుంచి మామూలు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంపోస్టబుల్ వాటికి ఆ మందం నిబంధన లేదు. పల్చటి మామూలు కవర్ మీద కూడా కొందరు ‘బయో’ అని అచ్చేసి అమ్మడానికి ఈ మినహాయింపే కారణం. కాబట్టి పల్చటి కవర్ మీద నంబర్ లేకపోతే దాన్ని మామూలు ప్లాస్టిక్ కిందే లెక్కేయండి.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు సంగతులను కలిపేసుకుంటారు. మొక్కల నుంచి తయారైంది అనేది ఒకటి. మట్టిలో కుళ్లిపోతుంది అనేది ఇంకొకటి. బ్రెజిల్‌లో చెరకు నుంచి తీసిన ఆల్కహాల్‌తో పాలిథిన్ తయారుచేస్తున్నారు. పుట్టింది చెరకు నుంచే అయినా అది అచ్చంగా మామూలు పాలిథినే, వందేళ్లకు కూడా కుళ్లదు. దాన్ని మామూలు పాలిథిన్‌తో కలిపి రీసైకిల్‌కు ఇచ్చేయవచ్చు. ఇందుకు తలకిందులుగా, కంపోస్టబుల్ కవర్లలో ఎక్కువగా వాడే పీబీఏటీ అనే పదార్థాన్ని ప్రధానంగా పెట్రోలియం నుంచే తీస్తారు. దానికి పిండిపదార్థం కలిపి కవర్ చేస్తారు. పెట్రోలు నుంచి వచ్చినా, సరైన చోట వేస్తే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. జ్యూస్ సెంటర్లలో కనిపించే గాజులాంటి కప్పుల్లో కొన్ని పీఎల్‌ఏతో చేసినవి. ఇది మొక్కజొన్న, చెరకు లాంటి వాటి చక్కెరను పులియబెట్టి తీసిన లాక్టిక్ యాసిడ్‌తో తయారవుతుంది. కప్పు అడుగున త్రికోణంలో 7 అంకె, పక్కన పీఎల్‌ఏ అని ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి.

ఇంకో రెండు వస్తువుల దగ్గర జాగ్రత్త. బట్టల షాపుల్లో గుడ్డ సంచిలా కనిపించే నాన్‌వోవెన్ బ్యాగు గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. చాయ్ పోసిచ్చే పేపర్ కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పొర ఉంటుంది, చాలావరకు పాలిథినే. ఇవి రెండూ కంపోస్ట్‌లోకి పోకూడదు. ‘ఆక్సో డిగ్రేడబుల్’ అని ఉంటే అసలు ఇంటికే తేకండి. ఎండకు అది పిండి పిండిగా విరిగిపోతుంది, చూసేవాళ్లకు కరిగిపోయినట్టే ఉంటుంది. నిజానికి ఆ ముక్కలన్నీ మట్టిలోనే ఉండిపోతాయి. యూరోపియన్ యూనియన్ ఈ రకాన్ని 2021లోనే నిషేధించింది.

నీళ్ల గిన్నెతో ఒక పరీక్ష

రాత మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది. కవర్ నుంచి రూపాయి బిళ్లంత ముక్క కత్తిరించండి. గిన్నెలో నీళ్లు పోసి ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. ముక్కను నీళ్లలో ముంచి, వేళ్లతో రుద్ది గాలి బుడగలన్నీ పోగొట్టి వదలండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీళ్లకంటే తేలిక, కాబట్టి పైకి తేలతాయి. పీఎల్‌ఏ, పీబీఏటీ నీళ్లకంటే బరువు, మునుగుతాయి.

ముక్క తేలిందంటే అది కంపోస్టబుల్ కాదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మునిగితే మాత్రం వెంటనే నమ్మకండి. నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ కూడా మునుగుతుంది, సుద్దపొడి ఎక్కువగా కలిపిన పాలిథిన్ కూడా మునుగుతుంది. ఈ పరీక్ష దొంగను పట్టిస్తుంది కానీ మంచివాడని సర్టిఫికెట్ ఇవ్వదు. కాల్చి వాసన చూసే పరీక్ష చేయమని కొందరు చెబుతారు. ఆ పొగ పీల్చడం మంచిది కాదు, అది వద్దు.

ఎక్కడ వేయకూడదు

స్క్రాప్ షాపుకు వేసే నీళ్ల సీసాల్లో పీఎల్‌ఏ కప్పులు కలపకండి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, నీళ్లలో రెండూ మునుగుతాయి, కాబట్టి ఏరేవాళ్లకు దొరకదు. పెట్ కరగడానికి దాదాపు 250 డిగ్రీలు కావాలి. పీఎల్‌ఏ 150 నుంచి 170 మధ్యనే కరుగుతుంది. పెట్ ముక్కలను ఆరబెట్టే దశలోనే అది జిగురులా సాగి మిగతావాటికి అంటుకుంటుంది, తయారయ్యే సరుకు మసకబారుతుంది. సీసాలు ఏరుకుని బతికేవాళ్లకు ఆ బస్తాకు రేటు పడిపోతుంది. వాళ్ల కష్టం తలచుకునైనా ఈ ఒక్క పని మానేయండి. కవర్ల సంగతీ ఇంతే. పాలిథిన్ కవర్ల మూటలో కంపోస్టబుల్ కవర్లు కలిస్తే తయారయ్యే షీటు బలహీనమవుతుంది.

పీఎల్‌ఏను రీసైకిల్ చేయలేమని కాదు. విడిగా పోగైతే దాన్ని మళ్లీ కరిగించవచ్చు, నీటితో విడగొట్టి లాక్టిక్ యాసిడ్‌గా వెనక్కి తేవచ్చు. కానీ అందుకు ఒకే రకం సరుకు, శుభ్రంగా, టన్నుల లెక్కన కావాలి. మన వీధి నుంచి పోయే పది కప్పులతో అది కుదరదు.

మోరీలో, చెరువులో వేస్తే కరిగిపోతుందన్న మాట నమ్మకండి. పీఎల్‌ఏ కుళ్లడానికి దాదాపు 58 డిగ్రీల వేడి కావాలి, మా భద్రకాళి చెరువు నీళ్లు ఎంత ఎండలోనైనా అంత వేడెక్కవు. పీఎల్‌ఏ కప్పు అక్కడ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. డంపింగ్ యార్డు కుప్పల అడుగున గాలి ఉండదు. పీఎల్‌ఏ అక్కడ పెద్దగా మారదు. పిండిపదార్థం కలిసిన కవర్ కుళ్లితే మీథేన్ వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా రెట్లు ఎక్కువ. ఆవులకు అన్నం పెట్టి పడేసే కవర్ కూడా కంపోస్టబులే కదా అనుకోవద్దు. ఆవు కడుపు కంపోస్ట్ కుప్ప కాదు.

అసలు పని: కుప్ప వేడెక్కాలి

58 డిగ్రీలు అని ఎందుకు అంటున్నానో చెప్పాలి. పీఎల్‌ఏను సూక్ష్మజీవులు నేరుగా తినలేవు. ముందు వేడి, తేమ కలిసి దాని పొడవాటి గొలుసులను తుంచాలి. ఆ గొలుసులు దాదాపు 60 డిగ్రీల దగ్గర వదులవుతాయి, అప్పుడే నీళ్లు లోపలికి చొరబడతాయి. ముక్కలు చిన్నవయ్యాక సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మొదట చెప్పిన ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం కూడా ఇలాంటి వేడినే లెక్కలోకి తీసుకుంటుంది. 58 డిగ్రీల దగ్గర ఉంచిన కంపోస్ట్‌లో 12 వారాల్లో ముక్కలైపోయి, 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలకూడదు. ఆరు నెలల్లో అందులోని కార్బన్ 90 శాతం గాలిలోకి కార్బన్ డయాక్సైడ్‌గా పోవాలి. ఆ ఎరువులో విత్తనాలు బాగా మొలుస్తున్నాయా, భార లోహాలు ఉన్నాయా అని కూడా చూస్తారు. అందుకే సర్టిఫికెట్ ఉన్నదాన్ని పొలానికి పోయే ఎరువులో కలపడానికి నేను జంకను. సర్టిఫికెట్ లేనిదాన్ని ఒక్క ముక్క కూడా కలపను.

డాబా మీది డబ్బా ఇంత వేడి పట్టుకోలేదు. అందులో సరుకు తక్కువ, పుట్టిన వేడి పుట్టినట్టే గోడల నుంచి పోతుంది. మే నెలలో వరంగల్ ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంది కదా, అది చాలదా అని ఒకామె నన్ను అడిగారు. చాలదు. ఆ ఎండకు డబ్బాలో తేమ ఆరిపోతుంది, తేమ లేకపోతే సూక్ష్మజీవులు పడుకుంటాయి. వేడి కుప్ప లోపల నుంచి పుట్టాలి.

కుప్ప వేయడానికి కనీసం మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుకు సరిపడా సరుకు కావాలి. ఒక్క ఇంటికి కష్టం. నాలుగైదు ఇళ్లు కలిస్తే, లేదా అపార్ట్‌మెంట్‌లో, గుడి ఆవరణలో, బడి వెనకాల అయితే సులువు. ఊళ్లో పెంటకుప్ప ఉన్నవాళ్లకు ఇంకా సులువు, వాళ్ల దగ్గర అన్నీ ముందే ఉన్నాయి.

అడుగున కట్టెపుల్లలు, కంది కట్టె ముక్కలు పరవండి, గాలి ఆడాలి. దాని మీద ఎండుటాకులు, వరిగడ్డి లాంటి ఎండు సరుకు రెండు మూడు తట్టలు వేస్తే, కూరగాయల తొక్కలు, పచ్చగడ్డి లాంటి పచ్చి సరుకు ఒక తట్ట వేయండి. ప్రతి పొర మీద పెండ కలిపిన నీళ్లు చల్లండి. తేమ ఎంత ఉండాలంటే, గుప్పెట్లో పిడికిలి బిగిస్తే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. ఇలా పొరలు పేర్చుకుంటూ పోయి, పైన గోనె సంచి కప్పండి.

కవర్లను అలాగే వేయకండి, నా తప్పు మీరు చేయకండి. ముడేసిన కవర్ లోపలికి గాలి పోదు, లోపలిది కుళ్లి కంపు కొడుతుంది. కత్తెరతో అరచేతి కంటే చిన్న పీలికలుగా కోసి, ఎండుటాకుల మధ్య చెదరగొట్టండి. ఒక్కచోట గుత్తిగా పడితే పొరలు పొరలుగా అతుక్కుని గాలి ఆపేస్తాయి. కుప్ప మొత్తంలో కవర్ల వంతు చాలా తక్కువ ఉండాలి. నేను పెద్ద తట్టెడు చెత్తకు ఒక్క కవర్ మించి వేయను. కవర్‌లో కుప్పకు బలమిచ్చే నత్రజని ఏమీ లేదు, ఎక్కువైతే కుప్ప చల్లబడుతుంది.

మూడు నాలుగు రోజులకు ఇనుప చువ్వను కుప్ప నడిమధ్యకు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. చేత్తో పట్టుకుని ఉండలేనంత కాలితే సుమారు 55 డిగ్రీలు దాటినట్టే. థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. గోరువెచ్చగానే ఉంటే పచ్చి సరుకో, పెండో తక్కువైంది, లేదా ఆరిపోయింది. చల్లగా ఉండి వాసన వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి, ఎండుటాకులు కలిపి తిరగేయండి. వేడి తగ్గుతున్నట్టు అనిపించిన ప్రతిసారీ, అంటే మొదట్లో వారానికోసారి, బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా తిరగేయాలి. పీలికలు ఎప్పుడూ అంచునే ఉండిపోతే అవి వేడిని చూడనే చూడవు. తిరగేసేటప్పుడు పైకి వచ్చినవాటిని చేత్తో ఏరి నడిమికి తొయ్యండి. చలికాలం పొద్దున కుప్ప తవ్వితే పొగలు లేస్తాయి చూడండి, అప్పుడు నాకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

పల్చటి కవర్లయితే మూడు నెలలకు దాదాపు కనపడవు. పీఎల్‌ఏ కప్పుల మీద అంత ఆశ పెట్టుకోకండి. మేము వేసిన రెండు కప్పులు తెల్లగా పాలిపోయి, వేళ్లతో నొక్కితే పెళుసుగా విరిగాయి తప్ప పోలేదు. వేడి కొన్ని వారాలే నిలిచింది, వాటికి అది చాలలేదు. ఎరువును జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలను తర్వాతి కుప్ప నడిమధ్యలో వేయండి. రెండు కుప్పలు దాటినా అలాగే మెరుస్తూ సాగుతున్న ముక్క ఉంటే అది కంపోస్టబుల్ కాదు. దాన్ని తీసేసి, ఆ కవర్ ఇచ్చిన షాపువాళ్లకు తీసుకెళ్లి చూపించండి. నేను అలా ఒకసారి చూపించాను, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయనకు కూడా ఎవరో అలాగే చెప్పి అమ్మారు.

కుప్ప వేసే వీలు లేకపోతే

ఇంటి ముందుకు వచ్చే చెత్త ఆటోవాళ్లను, లేదా మీ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి. తడి చెత్త ఎక్కడ ఎరువవుతోంది, అక్కడ కంపోస్టబుల్ కవర్ తీసుకుంటారా? తీసుకుంటామంటే తడి చెత్తను ఆ కవర్‌లో వేసి ఇవ్వండి, దాని అసలు ఉపయోగం అదే. కానీ చాలాచోట్ల ‘తీసుకోలేము’ అనే జవాబే వస్తుంది, ఎందుకంటే అక్కడ పనిచేసేవాళ్లు కవర్ కనపడగానే ఏరి పక్కన పడేస్తారు, అది ఏ రకమో చూసే తీరిక వాళ్లకు ఉండదు. అలాంటప్పుడు తడి చెత్తను బకెట్‌లోనే ఇచ్చి, కంపోస్టబుల్ కవర్లను శుభ్రం చేసి, పొడి చెత్తలో వేరే మూటగా కట్టి, మీద పెద్ద అక్షరాలతో ‘కంపోస్టబుల్, స్క్రాప్‌లో కలపొద్దు’ అని రాసి ఇవ్వండి.

2012 అక్టోబరులో వరంగల్‌లో వారం రోజుల పాటు ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త వేరుచేయించారు. ఆ ఊపు ఎంతమందికి గుర్తుందో తెలియదు కానీ, ఈ ఊరికి ఆ పని కొత్త కాదు. కాలనీలో పది ఇళ్లవాళ్లు కలిసి ఇదే ప్రశ్న అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది.

ఇంట్లో ఫంక్షన్ ఉంటే

ఇక్కడ నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. కంపోస్టబుల్ ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు కొనే ముందు మోదుగాకు విస్తరి గుర్తుచేసుకోండి. దానికి 58 డిగ్రీలు అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు, డాబా మీది డబ్బాలో కూడా ఎరువవుతుంది. చెరకు పిప్పి ప్లేట్లు ప్లాస్టిక్ కావు, అవీ ముక్కలు చేసి కుప్పలో వేయవచ్చు. నీళ్లకు స్టీలు గ్లాసులు పెట్టండి. సిద్దిపేటలో ఫంక్షన్లకు గిన్నెలు, ప్లేట్లు, గ్లాసులు ఇచ్చే స్టీల్ బ్యాంకులు నడుపుతున్నారు. మీ కాలనీలో నలుగురు కలిసి వంద గ్లాసులు కొని ఒక ఇంట్లో పెట్టుకున్నా అదే పని అవుతుంది.

మేడారం జాతరకు వెళ్లేవాళ్లకు కూడా ఇదే మాట. కంపోస్టబుల్ కవర్‌లో బెల్లం తీసుకెళ్లి అడవిలో వదిలేస్తే తప్పు లేదనుకోకండి. ఆ అడవి నేల మీద అది కూడా కవరే. వెంట తెచ్చుకున్నది వెంటే తీసుకురండి.

మిరప చేలో మల్చింగ్ షీటు

నర్సంపేట, మహబూబాబాద్ వైపు మిరప వేసే రైతులు కలుపు రాకుండా, తేమ ఆరకుండా నేల మీద పరిచే మల్చింగ్ షీటు వాడతారు. మామూలు పాలిథిన్ షీటు పంట అయ్యాక పూర్తిగా చుట్టి తీసేయాలి, దున్నితే ముక్కలై ఏళ్ల తరబడి నేలలోనే ఉంటుంది. నేలలోనే కరిగే షీటు కొనాలనుకుంటే కంపోస్టబుల్ కవర్ల ప్రమాణం సరిపోదు, ఎందుకంటే చేను కుప్పలా వేడెక్కదు. దానికి విడిగా ఈఎన్ 17033 అనే యూరప్ ప్రమాణం ఉంది. మామూలు నేల వేడిలో రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని అది అడుగుతుంది. డీలర్‌ను ఆ నంబర్ చూపించమనండి. చూపించలేకపోతే పొలమంతా వేయకండి, ఒక సాలుకు మాత్రమే వేసి మరుసటి ఏడాది ఆ సాలు తవ్వి చూసుకోండి.

ఇప్పటికే ఇంట్లో పేరుకున్నవి

వంటింటి అరలో ఇలాంటి కవర్లు పదో ఇరవయ్యో మడతపెట్టి దాచుకుని ఉంటారు. ఎక్కువ కాలం దాచకండి. ఎండ, తేమ తగిలితే ఏడాదిలోపే పెళుసుబారి, సరుకు వేయగానే అడుగు ఊడిపోతాయి. చీకటిగా, పొడిగా ఉన్నచోట పెట్టి పాతవాటిని ముందు వాడేయండి. మార్కెట్‌కు మళ్లీ తీసుకెళ్లండి, చినిగినవాటిని కత్తిరించి ఒక డబ్బాలో వేసుకోండి. మా ఇంట్లో ఆ డబ్బా నిండగానే పరకాల పోయే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపిస్తాను. అత్తమ్మ పెండ పోసే రోజు చూసుకుని కుప్ప నడిమధ్యలో కలుపుతుంది.